భయాన్ని పాటలో ఉంచిన మాస్టారు

మా సోమసుందరం సార్ ఇక లేరు. గత నెల ఒక మంగళవారం పొద్దున అశోక్‌నగర్‌లో నేను పోటీపరీక్షల క్లాసు చెబుతుండగా ఫోన్ వచ్చింది. ఆయన సహధర్మచారిణి శారదమ్మ గారు ఒకే మాట అన్నారు: "మీ సార్ వెళ్లిపోయారమ్మా." గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరి అప్పటికి నాలుగో రోజు. ఆదివారమే చూసి వచ్చాను, నా ఉచ్చారణ తప్పులు కూడా దిద్దారు. అలాంటి మనిషి పోతారని ఎవరు మాత్రం అనుకుంటారు? ఫోన్ పెట్టేసి, బోర్డు మీది అక్షరాలన్నీ తుడిచేసి బయటికి వచ్చేశాను.

నారాయణగూడలో ఒక సాయంకాల కళాశాలలో ఆయన ముప్పై ఏళ్లు ఇంగ్లీషు బోధించారు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆయన తండ్రిగారు కోస్తా నుంచి ఉద్యోగరీత్యా వచ్చారు. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అందుకే "జర ఆగండి" అని మొదలుపెట్టి "అలాగేనండీ" అని ముగించేవారు. మేం నవ్వితే మాతోపాటు తానూ నవ్వేవారు.

ఆయన పోయిన మర్నాటికే ఆ సందు మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. సాహితీ శిఖరం, మానవతామూర్తి, అజాతశత్రువు! ఆయన చూసి ఉంటే స్టూలేసుకుని ఎక్కి తానే విప్పేసేవారు. "విశేషణాలు పూలదండల్లాంటివమ్మా, ఎక్కువ వేస్తే ఫోటోలో ముఖం కనబడదు" అనేవారు. పైగా అజాతశత్రువేమిటి, నా బొంద! క్లాసుకు ఆలస్యంగా వచ్చిన ప్రతివాడూ ఆయనకు శత్రువే. కాబట్టి ఈ వ్యాసంలో దండలు తక్కువే వేస్తాను. ఉదాత్తమైన జీవితం ఆయనది, ఆ ఒక్క ముక్క మాత్రం అనకుండా ఉండలేను.

నేను ఆయన శిష్యురాలినైన ఏడు, ఒక సాయంత్రం పాఠ్యపుస్తకం మూసేసి పాత టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టారు. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్ అందులో వేశారు. ఐర్లాండ్ తిరుగుబాటు పాటలవి. పరాయి ప్రభుత్వం మీద తిరగబడి ఉరికొయ్యలకూ తుపాకులకూ బలైన కుర్రాళ్ల మీద వాళ్ల జనం కట్టుకున్న పాటలు. ఎక్కడి ఐర్లాండ్, ఎక్కడి నారాయణగూడ! పగలంతా జిరాక్స్ షాపుల్లో, మెడికల్ షాపుల్లో నిలబడి కాళ్లు గుంజుతున్న మాకు ఆ యాస ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆయన టేపు ఆపి, ఒక్కో చరణానికీ అర్థం చెప్పి, మళ్లీ మొదటినుంచి వినిపించారు.

"ఇందులో చక్రవర్తి పేరు ఎక్కడైనా విన్నారా?" అని అడిగారు.

"లేదు సార్."

"ఆ కుర్రాడి పేరు?"

"విన్నం సార్."

"చూశారా మరి! ప్రాణం తీసినవాడి పేరు పాటలో లేదు. పోయినవాడి పేరుంది, వాడి ఊరుంది, ఆ తెల్లవారుజామున ఎంత చలేసిందో ఉంది, జైలు గోడ బయట వాళ్లమ్మ ఎంతసేపు నిలబడిందో ఉంది. వాడు మహావీరుడని ఎక్కడా అనలేదు. అయినా మీరంతా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారా లేదా?"

నిలబడ్డాం. నేను అంత తేలిగ్గా ఏడ్చే రకాన్ని కాను, మా నల్లకుంట ఇంట్లో నన్ను రాయి అనేవాళ్లు. ఆ సాయంత్రం మాత్రం చున్నీతో ముఖం తుడుచుకోవాల్సి వచ్చింది. ఏ సముద్రాల అవతలో పోయిన పిల్లవాడి కోసం, బెల్లు కొట్టినా మా తరగతిలో ఒక్కరూ లేవలేదు. మృతుణ్ణి బతికించే శక్తి పాటకు లేకపోయినా, అతణ్ణి అనాథను కాకుండా కాపాడే శక్తి ఉందని నాకు తెలిసివచ్చింది ఆ రోజునే.

అప్పటినుంచి ఆయన తానూ తెలుగులో అలాంటి పాటలు కట్టసాగారు. గొంతు మాత్రం, దేవుడా! శ్రుతికీ ఆయనకూ ఆమడ దూరం. నేను ఆ మాట మొహమ్మీదే అంటే, "నాది కాకి గొంతేనమ్మా. తోటి కాకి చచ్చిపడితే కాకులు శ్రుతి చూసుకుంటాయా, అరుస్తాయి గానీ" అన్నారు. ఆ తరవాత నన్ను పాడమనేవారు. ఆయన కట్టేవారు, నేను పాడేదాన్ని.

పన్నెండేళ్ల కిందటి మాట. అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తు పరంజా మీదినుంచి బాలయ్య అనే మేస్త్రీ పడిపోయాడు. పాలమూరు పల్లె నుంచి వచ్చి అంబర్‌పేట్ బస్తీలో ఉంటున్న మనిషి. ఆ సమయానికి సార్ ఆ దారినే పోతున్నారు. చూశారు. రెండు రోజులు అన్నం ముట్టలేదని శారదమ్మ గారు చెప్పారు. మూడో రోజుకు పాట కట్టారు. "దేశం కోసం పోయినవాళ్లకే పాటా? ఇల్లు కడుతూ పోయినవాడికి వద్దా?" అని ఆయన వాదన.

కొన్నాళ్లకు, పొద్దున్నే కూలీలు పనికోసం నిలబడే అడ్డాకు వెళ్లి పాడాం. పల్లవిలో 'భయమెరుగని బాలయ్య' అని ఉంది. రెండో చరణం కూడా దాటలేదు, గుంపులోంచి ఒకామె ముందుకు వచ్చింది. తట్ట మోసేటప్పుడు తలమీద పెట్టుకునే గుడ్డ చుట్ట భుజమ్మీద అలాగే ఉంది.

"ఆపు సారూ. నేను బాలయ్య పెండ్లాన్ని, ఎల్లమ్మను. గట్ల పాడకు."

సార్ నివ్వెరపోయారు. "తప్పు పాడామా అమ్మా?"

"ఆయనకు బుగులు లేదంటున్నవ్. ఎవలు చెప్పిండ్రు నీకు? ఎత్తు జూస్తే ఆయన పానం గజగజ వణికేది. దినాం బుగులువడుకుంటనే ఎక్కిండు. 'ఎల్లీ, నాకు కనవడేటట్టు నిలవడు, నువ్వు కనవడుతుంటే ఎక్కుత' అంటుండె. గా రోజు నన్ను ఇసుక మొయ్యనీకె అవుతలికి పంపిండ్రు." భుజమ్మీది చుట్ట తీసి చేతిలో పట్టుకుని అంది: "బుగులు లేనోనికి ఎక్కుడేం గొప్ప సారూ? ఆయన బుగులు నాకు ఎరుక. గా బుగులే తీసేస్తే మా ఆయన ఏడున్నడు గీ పాటల?"

ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి ఆ అడ్డా మీద చేతులు జోడించి, "నేను ఐర్లాండ్ నుంచి నేర్చుకున్నది మరిచిపోయానమ్మా, నువ్వు గుర్తుచేశావు" అన్నారు. ఐర్లాండ్ ఏమిటో ఎల్లమ్మకు తెలియదు. "ఏమో సారూ, మంచిగ రాయి" అంది. రాశారు. భయపడుతూనే ఎక్కిన బాలయ్య, కనబడేచోట నిలబడమన్న బాలయ్య! ఆ పాట ఏ అడ్డాలో పాడినా ఆ చరణం దగ్గర మగవాళ్లు తలలు వంచుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆ దెబ్బతో ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి మీద పాట కట్టినా, అందరికన్నా ఎక్కువ ఎవరికి నష్టం జరిగిందో వాళ్లింటికి ముందుగా వెళ్లాలి. కింద కూర్చుని పాడాలి. వాళ్లు 'పాడుకో' అనేదాకా టీ కూడా తాగకూడదు, బయట పాడకూడదు. ఒక సభలో ఎవరో, "మీరు ఆంధ్రోళ్లు, మావోళ్ల మీద పాట కట్టనీకె మీరెవరు?" అని నిలదీశారు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు మాత్రం కోపం రాలేదు. "నేనెవరినో నాకూ తెలీదన్నా. అందుకే ఆ పోయినవాడి అమ్మను అడిగి వచ్చాను" అన్నారు. అడిగినవాడు సభ అయ్యాక ఆయన్ని బండి మీద ఇంటిదగ్గర దించి వెళ్లాడు.

ఇక నా సంగతి. సంస్మరణ సభలో ఆయన మీద పాట నేనే కట్టి పాడాలని పూర్వ విద్యార్థులంతా పట్టుబట్టారు. నేను సొంతంగా కట్టిన మొదటి పాట అది. ఆయన నేర్పిన విద్య నాకు అబ్బిందో లేదో ఆ ఒక్క పాటతో తేలిపోతుంది. అబ్బిందనే నా ధీమా! పాట పూర్తిచేసి, నియమం ప్రకారం సభకు ముందురోజు శారదమ్మ గారి దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. చివరి చరణంలో ఆయన మృత్యువును చిరునవ్వుతో పలకరించారని రాశాను.

ఆవిడ అంతా విన్నారు. 'పాడుకో' అనలేదు.

"చిరునవ్వెక్కడిదమ్మా? ఆయన చాలా భయపడ్డారు. చివరి రెండు రోజులూ నా చెయ్యి వదల్లేదు. నర్సు నన్ను బయటికి వెళ్లమంటే, 'శారదా, నాకు కనబడేలా నిలబడు' అన్నారు. ఆ బాలయ్య మాటే. బయటికి పంపినంతసేపూ ఐసీయూ గాజు తలుపు అవతల అలాగే నిలబడ్డాను."

సిగ్గుతో చచ్చిపోయాను. అడ్డా మీద ఎల్లమ్మ మాటలు చెవులారా విన్నదాన్ని, పన్నెండేళ్లు ఆ చరణం నోరారా పాడినదాన్ని, నా గురువు దగ్గరికి వచ్చేసరికి దండలే వేశాను. ఆవిడ ముందే కూర్చుని ఆ చరణం కొట్టేశాను. ఆవిడ చెప్పినది చెప్పినట్టుగా రాసి, ఏడుస్తూ పాడాను. శారదమ్మ గారు కళ్లొత్తుకుని, "ఇదీ మా ఆయన. పాడుకోమ్మా" అన్నారు. అప్పుడు లేచి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టారు.

మర్నాడు సభలో జనం కిక్కిరిసిపోయారు. వేదిక మీద ఆయన ఫోటో, దానికి ఒకే ఒక్క దండ. ఎల్లమ్మ పని మానుకుని అంబర్‌పేట్ నుంచి వచ్చి మూడో వరసలో కూర్చుంది. గొంతు వణకకుండా పాడాను. ఆ గర్వం నాకుంది, దాచుకోను. ఆయన స్థానం మరొకరితో పూడేది కాదు. కానీ ఆయన నేర్పిన పద్ధతి నిలుస్తుందన్న నమ్మకం పాడుతున్నంతసేపూ నన్ను నిలబెట్టింది.

చివరి చరణానికి వచ్చాను. ఆయన భయపడ్డారని పాడాను. కనబడేలా నిలబడమన్నారని పాడాను. మూడో వరసలో ఎల్లమ్మ లేచింది. మెల్లగా నడిచి వచ్చి వేదిక కింద, సరిగ్గా ఆయన ఫోటోకు ఎదురుగా నిలబడింది. వెనకవాళ్లెవరో, "అక్కా, కూసో, అడ్డమొస్తున్నవ్" అన్నారు.

ఆమె తల తిప్పలేదు. "జర ఆగుండ్రి. సారుకు కనవడాలె గద" అంది.

ముందు వరసలోంచి శారదమ్మ గారు లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారు. నేను ఆ చరణం మళ్లీ ఎత్తుకున్నాను.