చీపురు బండి ఎక్కని ఆఖరమ్మ

పరుగుల క్లబ్బులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఆఖరమ్మ అనే పిలుస్తారు. ఏ పోటీకి వెళ్ళినా అందరికంటే ఆఖరున వచ్చేది ఆమే కాబట్టి ఆ పేరు పెట్టారు. పెట్టింది క్లబ్బు కార్యదర్శి. ఆయన రిటైరైన బీమా ఆఫీసరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన్ని ఈల సారు అంటారు, కాకపోతే ఆయన వినకుండా అంటారు. ఆమెను మాత్రం మొహం మీదే అంటారు. ఆ తేడా ఏమిటో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

కిందటేడు క్లబ్బులో అందరికీ కొత్త టీషర్టులు వచ్చాయి. వీపు మీద ఎవరి ముద్దుపేరు వాళ్ళకి అచ్చు వేయించారు. ఒకరికి మెరుపు, ఒకరికి బాణం. ఆమెకిచ్చిన దాని మీద ఆఖరమ్మ అని ఉంది. ఇచ్చినవాళ్ళు నవ్వాపుకుంటూ చుట్టూ నిలబడ్డారు. విసిరి కొడుతుందో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందో చూద్దామని వాళ్ళ ఆశ. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్షరాలు మరీ చిన్నగా వేయించారు సార్. నా వెనకాల వచ్చేది బండి ఒక్కటే. ఆ డ్రైవరుకి చూపు అంతంత మాత్రం" అంది.

ఆ రాత్రే ఇంట్లో కూర్చుని, అక్షరాల చుట్టూ ఎర్ర దారంతో లావుగా కుట్టుకుంది. అదీ మనిషి.

ఆమెకు పెద్ద హోటల్లో లాండ్రీ పని. నేలకింది అంతస్తులో, కిటికీల్లేని హాల్లో, దుప్పట్లను వేడి రోలరు కిందికి పంపించడం. ఒక చివర ఆమె, రెండో చివర ఇంకో ఆవిడ. తడి దుప్పటి అంచులు పట్టుకుని ఒక్క విదుపు విదిపి, ముడత లేకుండా రోలరుకి అందించాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీద ఉండాలి. సూపర్‌వైజరు తోపుడుబండితో వస్తే పక్కకి జరగాలి. చిన్నప్పుడు ఇంట్లో పెద్దపిల్ల కాబట్టి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చోటిచ్చి చాప చివరికి జరిగేది. పెళ్ళయ్యాక ఆడపడుచులు వస్తే మంచం ఖాళీ చేసి వంటింట్లోకి జరిగేది. జరగడం అలవాటైపోయిన ఒళ్ళు అది.

షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెబితే పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టింది. మూడోరోజో నాలుగోరోజో, వెనకనుంచి దబదబమని అడుగుల చప్పుడు. "ఆంటీ, పక్కకి జరగండి!" అని ఎవరో అరిచారు. క్లబ్బు మందంతా ఆమెను గడ్డిలోకి నెట్టినంత పని చేసి దూసుకుపోయింది. ఎందుకో మరి, అన్నేళ్ళూ మండని ఒళ్ళు ఆ పూట మండింది. హవాయి చెప్పులతోనే వాళ్ళ వెనక పరుగందుకుంది. ఒక్క చుట్టు తిరిగేసరికి ఊపిరాడక బెంచీ మీద వెల్లకిలా పడింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ నెలలోనే క్లబ్బులో చేరింది.

ఇక ఆ వెనకాల బండి సంగతి. దూరపు పోటీల్లో అందరి వెనకా ఒక వ్యాను వస్తుంది. నిర్ణయించిన వేగంతో, అంతకంటే ఎక్కువా కాదు తక్కువా కాదు, మెల్లగా వస్తుంది. అది ఎవర్ని దాటితే వాళ్ళు పోటీలోంచి పోయినట్టే. గుండెల మీద పిన్నులతో పెట్టుకున్న నంబరు ఇచ్చేసి బుద్ధిగా ఎక్కి కూర్చోవాలి. రోడ్డు ఊడ్చుకుంటూ వస్తుంది కాబట్టి దాన్ని చీపురు బండి అంటారు. సరదాకి ముందు ఒక చీపురు కూడా కడతారు.

ఆ బండి నడిపేది ఆమె మొగుడు.

ఆయన వారమంతా బడిపిల్లల్ని తిప్పే వ్యాను డ్రైవరు. ఆదివారాలు క్లబ్బువాళ్ళు ఆ వ్యానునే పిలుస్తారు. ఇన్నేళ్ళ డ్రైవింగులో ఆయన ఒక్కసారి కూడా ఎర్ర లైటు దాటలేదు. నడిరోడ్డు మీద పురుగు కూడా లేకపోయినా సరే, లైటు ఎర్రగా ఉంటే బ్రేకు మీదే కాలు. ఒకసారి ఈ చాదస్తం వల్లే కుటుంబమంతటికీ రైలు తప్పిపోయింది. ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసుల మధ్య నిలబడి కూడా ఆయన తప్పు రైలుదే అన్నాడు.

కిందటి వేసవి పోటీలో ఎండ మండిపోయింది. సగం దారిలో వ్యాను ఆమె పక్కకొచ్చింది. ఆయన తలుపు తీసి, "ఎక్కవే" అన్నాడు. ఆ గొంతులో ఎంత ప్రేముందంటే, ఆమె ఎక్కేసింది. కిటికీలోంచి అందరూ గీత దాటడం చూస్తూ కూర్చుంది. అలా ఎక్కినందుకు ఆమె తనను తాను ఇవాళ్టికీ క్షమించుకోలేదు. మర్నాడు పనిలో కళ్ళు తిరిగి రోలరు పక్కనే పడిపోయింది. మోచేయి కాలింది. హోటలు వెనక గేటు నుంచి ఆమెను చేతుల మీద మోసుకొచ్చి వ్యానులో పడుకోబెట్టింది ఆయనే. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే పోరు, మానెయ్యమని ఆయనా, మాననని ఆమే.

ఈ ఏడు పోటీకి ముందు ఒక రోజు భోజనాల దగ్గర అది తాడోపేడో తేలే దాకా వచ్చింది.

"సరే. ఈసారి నా బండి ఎక్కావనుకో, ఆ బూట్లు అటకెక్కుతాయి. మళ్ళీ పరుగు మాట ఎత్తకూడదు" అన్నాడాయన.

"ఎక్కకపోతే?"

"నేను జన్మలో నోరెత్తను."

"అమ్మాయ్, విన్నావుగా?" అంది కూతురితో. "విన్నానమ్మా. నాన్న పని అయిపోయింది" అంది కూతురు.

నవ్వుకున్నారు గానీ, ఆమెకు లోపల గుబులు పట్టుకుంది. ఆ ఇంట్లో అటకెక్కినవేవీ మళ్ళీ దిగలేదు. ఆమె కుట్టుమిషను అక్కడే ఉంది. పెళ్ళికి ముందు నేర్చుకున్న టైపు పుస్తకాలు అక్కడే ఉన్నాయి. వాటి పక్కన ఈ బూట్లు కూడా చేరితే ఇక తనదంటూ కింద ఏం మిగులుతుంది?

పోటీ రోజు తెల్లవారక ముందే మొదలైంది. ఈల మోగగానే మెరుపూ బాణమూ అందరూ మాయమైపోయారు. కాసేపటికి రోడ్డు మీద మిగిలింది ఆమె, ఆమె వెనక చీపురు కట్టిన వ్యాను. ముందు సీట్లో మొగుడి పక్కన ఈల సారు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమెకంటే ముందు పరిగెత్తినవాళ్ళు కొందరు దారిలో కూలబడ్డారు. పిక్క పట్టేసిన కుర్రాడొకడు, కడుపు పట్టుకున్న ఒక లెక్చరరు, ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒక్కొక్కరే వ్యాను ఎక్కి, కిటికీల్లోంచి ఆమెకు సలహాలివ్వడం మొదలుపెట్టారు.

"ఎక్కండి ఆంటీ, ఫ్యాను పక్క సీటు ఖాళీగా ఉంది!"

ఆమె తల కూడా తిప్పలేదు. ఎవరైనా వాళ్ళతో పాటు కూలబడితే వాళ్ళకి అదో తృప్తి. నాకు ఇలాంటివాళ్ళని చూస్తే చిర్రెత్తుకొస్తుంది. ఆమెకు మాత్రం అప్పటికి చిరాకు పడే ఓపిక కూడా లేదు.

ఫర్నిచరు దుకాణాల దగ్గర కూడలి దాటింది. కొంత దూరం వెళ్ళాక వెనక ఏదో తేడాగా అనిపించింది. ఇంజను చప్పుడు లేదు. తిరిగి చూసింది. వ్యాను ఎక్కడో కూడలి అవతల నిలబడిపోయి ఉంది.

నీళ్ళ బల్ల దగ్గరున్న అమ్మాయి ఎగిరి గంతేసింది. "బండి ఆగిపోయిందమ్మా! పరిగెత్తండి, మంచి ఛాన్సు!"

బుద్ధున్నవాళ్ళెవరైనా పరిగెత్తేవాళ్ళే. ఆమె ఆగిపోయింది. కావాలని ఆపాడు. భార్య పాట్లు చూడలేక, కాస్త వెసులుబాటు ఇద్దామని ఆపాడు. అలా అనుకునేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడుం మీద చేతులు పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడింది, వ్యాను వచ్చేదాకా. మూర్ఖత్వం అంటారా? అనండి. ఆమె మొహం మీద అనే ధైర్యం నాకైతే లేదు.

వ్యాను వచ్చింది. ఆమె బానెట్టు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు! మీ బండి మీరు నడుపుకోండి, నా పరుగేదో నేను పరిగెత్తుకుంటాను!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే వెనుదిరిగింది.

కానీ వేడెక్కిన కాళ్ళు ఒకసారి ఆగితే మళ్ళీ మాట వినవు. పిక్కలు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఒక్కో అడుగూ ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. బస్సు డిపో పక్కన ఎత్తు ఎక్కుతుంటే వ్యాను ఆమె భుజం దగ్గరికొచ్చింది, పక్కకొచ్చింది, ముందుకెళ్ళి ఆగింది. లోపల ఈల మోగింది.

దాటేసింది. అయిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఈల సారు నంబరు కోసం చెయ్యి చాపాడు. ఆయన వెనకనుంచి మొగుడు వంగి చూశాడు.

"ఎక్కవే. నీ మొహం ఎలా ఉందో చూసుకున్నావా? ఇక చాలు" అన్నాడు.

అదే గొంతు, కిందటేడు కరిగించిన గొంతు. అబద్ధం ఎందుకు, ఆమెకు ఎక్కాలనిపించింది. లోపల నీడగా ఉంది. కాళ్ళు ఏడుస్తున్నాయి. ఆయన కళ్ళల్లో నిజమైన దిగులుంది. ఒక్క మెట్టు ఎక్కితే చాలు, అంతా హాయి. ఆమె చెయ్యి తలుపు కమ్మీ దాకా వెళ్ళింది.

"త్వరగా తేల్చండమ్మా" అన్నాడు ఈల సారు. "ఎక్కితే ఎక్కండి, లేకపోతే కాస్త పక్కకి జరగండి. బండి పోవాలి."

చెయ్యి ఆగిపోయింది. ఆమె కమ్మీ వదిలేసి, గుండెల మీది నంబరు పిన్నులతో సహా పీకి ఆయన చేతిలో పెట్టింది.

"నంబరు మీది, తీసుకోండి. కాళ్ళు నావి."

"రూలు ప్రకారం మీరిక పోటీలో లేరు!"

"లేనుగా? మరి మీ బండితో నాకేం పని?" అని, వ్యాను చుట్టూ తిరిగి ముందుకెళ్ళి, కుంటుకుంటూ పరిగెత్తింది.

వ్యాను మళ్ళీ ఆమెను దాటి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆమె ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. నీళ్ళ బల్లలు ఎత్తేశారు. దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. స్కూటర్లు పక్కనుంచి హారన్లు కొడుతూ పోతున్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి అది పోటీ అని ఎవరికి తెలుసు? నడిచింది, పరిగెత్తింది, ఒకచోట గోడ పట్టుకుని వాంతి చేసుకుంది, మళ్ళీ పరిగెత్తింది.

స్టేడియం గేటు దగ్గరికి చేరేసరికి గాలితో నింపిన ఆర్చిలోంచి గాలి తీసేశారు. అది నేల మీద తడి దుప్పటిలా ముడతలు పడి ఉంది. ముడతల సంగతి ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేరుగా దాని మీదనుంచే, 'ముగింపు' అన్న అక్షరాలు తొక్కుకుంటూ, గీత అవతలికి వెళ్ళింది.

"టైము రాసుకోవడం కుదరదండీ" అన్నాడు ఈల సారు, పతకాల పెట్టె మూస్తూ. "పతకం కూడా..."

"ఎవరడిగారు?" అంది ఆమె.

మొగుడు తువ్వాలు, నీళ్ళ సీసా పట్టుకుని వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె సీసా లాక్కుని సగం తాగి, సగం నెత్తి మీద పోసుకుంది.

"ఎక్కలేదు నేను" అంది.

"చూశాను."

"మాటంటే మాటే."

"మాటే. ఇక ఇంటికి పోదాం, ఎక్కు" అంటూ తలుపు తీశాడు.

ఆమె ఆ మెట్టు వంక అనుమానంగా చూసింది. "ఇవాళ్టికి మీ బండి మెట్టు మీద కాలు పెట్టను. రేపు మాట మార్చి, ఎక్కావుగా అన్నా అంటారు. నడిచే వస్తాను."

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకుని, బండెక్కి, ఆమె వెనకాలే మెల్లగా బయల్దేరాడు. చీపురు విప్పడం కూడా మర్చిపోయాడు.

ఫర్నిచరు దుకాణాల కూడలి మళ్ళీ వచ్చింది. ఎర్ర లైటు పడింది. ఆ క్షణానికి నాలుగు వైపులా ఒక్క వాహనం లేదు. అయినా వ్యాను ఆగిపోయింది. ఆమె నాలుగడుగులు ముందుకేసి, దాన్ని చూసి, మళ్ళీ వెనక్కొచ్చి కిటికీ పక్కన నిలబడింది.

"పొద్దున కూడా ఇలాగే ఎర్ర లైటు పడిందా?"

"పడకపోతే నేనెందుకు ఆపుతాను? ఆ ఈల సారు ఒకటే గొడవ, పోనియ్యి పోనియ్యి అని."

"నాకోసం ఆపారనుకున్నా. జాలిపడి."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. "నీ మీద జాలా? నువ్వు లాండ్రీలో పడిపోయినప్పట్నుంచీ నీ గురించి భయం పట్టుకుంది, అది నిజం. జాలెందుకు పడతాను? మధ్యలో ఎక్కడా వేగం తగ్గించలేదే. నిన్ను ఎక్కించి తీరాలనే నడిపాను."

ఆమె కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. పుట్టి బుద్ధెరిగాక, తనతో నిజంగా పోటీకి దిగిన మనిషి ఈయనొక్కడే అనిపించింది.

"అయితే ఓడిపోయారు" అంది.

"ఓడిపోయాను."

ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆమె వ్యాను ముందుకొచ్చి, రోడ్డుకి సరిగ్గా మధ్యలో, నొప్పి కాళ్ళతోనే మళ్ళీ పరుగందుకుంది. వెనకనుంచి ఆయన హారను కొట్టి, "పక్కకి జరగవే, వెనక బండ్లొస్తాయి!" అని అరిచాడు.

ఆమె జరగలేదు. ఆయన మొదటి గేరులోనే ఇంటిదాకా ఆమె వెనకే వెళ్ళాడు.