కాటా మీద నవల

పోర్టు దగ్గర కాటాలో లారీలు తూచే గురునాథరావు ఈ నెల నవల రాస్తున్నాడు. నెలరోజుల్లో నవల పూర్తి చెయ్యాలని పాతికమంది కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఎవరెన్ని మాటలు రాశారో సాయంత్రానికల్లా అందులో చెప్పాలి.

పంతొమ్మిదో రోజుకి అతనివి ఆరువేల మాటలు. మద్దిలపాలెంలో టైలరింగు షాపు నడిపే ధనశ్రీవి ముప్పై ఒక్క వేలు! తన లెక్క మానేసి ఆమె లెక్కే చూస్తున్నాడు. చూసినప్పుడల్లా కడుపు మండిపోతోంది.

“లారీ బరువు కూడా కలిపి సెప్పేత్తంది బావా. అసలు సరుకెంతో నాను తేల్సేత్తాను,” అన్నాడు పక్క సీటు గోపితో.

ఆమె గ్రూపులో పెట్టిన మొదటి అధ్యాయాన్ని ఆ మధ్యాహ్నం డ్యూటీలోనే ఫోన్లో తెరిచాడు. దొరికిన తప్పుకల్లా ఒక గీత పెడదామని కాగితం, ఎర్రపెన్ను దగ్గర పెట్టుకున్నాడు.

లారీ కాటా ఎక్కి పావుగంటైంది. వెనక మరో నాలుగు లారీలు హారన్లు కొడుతున్నాయి. డ్రైవరు దిగొచ్చి కిటికీలో తల పెట్టాడు.

“ఏటి బావా, ఇనపడట్లేదా? ఏటి సేత్తన్నావ్?”

గురునాథరావు తలెత్తలేదు. కాగితం మీద ఒక్క గీతా లేదు.

“తప్పులెతుకుతన్నాను, ఉండహె!” అని కసిరాడు.