కారం మిల్లులో రాకెట్ గొట్టం

పాత యుద్ధ విమానాల రాకెట్ల పిచ్చి పట్టుకున్న రోజుల్లో నేను గుంటూరులో ఒక కాలేజీ వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. రాకెట్లంటే పేలేవి కావు. సైన్యంలో చేరినవాళ్లకి పాఠం చెప్పడానికి నిలువునా కోసి, లోపల ఏముందో కనిపించేలా ఉంచిన భాగాలు. ఎక్కడ కోశారో తెలియడానికి అంచులకి ఎర్ర రంగు వేస్తారు. పాఠాలు మారిపోయాక అవి పాత సామాను కొట్లకి చేరేవి. ఆదివారం వస్తే నేనూ అక్కడికే చేరేవాణ్ణి. "పచ్చడి జాడీలకి చోటు లేదు గానీ బాంబులకి అలమారా కావాల్సొచ్చింది" అని మా ఆవిడ సణిగేది.

రెండువేల సంవత్సరం దాటేసరికి ఒకే రకం రాకెట్‌కి ముక్కు దొరికింది, రెక్కలున్న తోక దొరికింది. మధ్యలో మందు కూరే గొట్టం మాత్రం దొరకలేదు. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు రోజూ నా చూపు అలమారలో ఆ ఖాళీ మీదికే పోయేది. ఒళ్లు మండేది.

ఒక వేసవిలో ఆవకాయకి కారం పట్టించడానికి సత్తెనపల్లిలో మా అత్తగారి వీధి మిల్లుకి వెళ్లాను. ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ నిలబడితే, మిషను నుంచి డబ్బాలోకి కారం జారే దోనె కనిపించింది. మిల్లంతా ఎరుపే. కానీ ఆ దోనె అంచున తిన్నగా సాగిన ఎర్ర గీత కారానిది కాదు. వంగి చూశాను. నేను వెతుకుతున్న గొట్టమే!

"అమ్మా, ఈ దోనె నాకిచ్చేయండి" అన్నాను.

మిల్లు నడిపే ఆవిడ ముక్కుకి చుట్టుకున్న కొంగు తియ్యకుండానే, "ఇచ్చేసి కింద చేతులు పట్టమంటారా? కుదరదండీ" అంది.

"రేకు గొట్టం పెట్టుకుంటే చాలదా?" కోపంగానే అడిగాను.

"అది ఉన్నన్నాళ్లూ రోజూ కొట్లాటేనండీ. మా కారం లోపలే దాచుకున్నావంటారు. ఇది తెరిచుంటది కదా, కళ్లముందే జారిపోద్ది. మావారు పాత సామాన్లో తెచ్చి పెట్టిన కాణ్ణించి ఒక్కళ్లు నోరెత్తలా."

వస్తువు విలువ తెలియని మనిషని దారంతా తిట్టుకున్నాను. తిట్టుకుంటే గొట్టం రాదుగా! వర్క్‌షాపులో అదే లావు అల్యూమినియం గొట్టం తీసుకుని, సాయంత్రాలు కూర్చుని నిలువునా కోశాను. అంచులు గీసుకోకుండా ఆకురాయితో రుద్దాను. ముక్కూ తోకా కూడా సంచిలో వేసుకుని మళ్లీ సత్తెనపల్లి బస్సెక్కాను.

ఆవిడ నా దోనె బిగించి కారం వదిలింది. ఒక్క రవ్వ అంటకుండా జారింది. "బానే ఉందండీ. పాతది మీరు తీసుకెళ్లండి" అంది.

ఆగలేకపోయాను. అక్కడే మిరపకాయల బస్తా మీద కూర్చుని, పాత గొట్టం తుడిచి, ముక్కూ తోకా తగిలించాను. చక్కగా కూర్చున్నాయి. పెళ్లికొడుకునైనంత సంబరపడ్డాను. వరసలో ఉన్న ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏందయ్యా అది?" అంది ఒక ముసలామె.

"రాకెట్ అమ్మా. ఇట్లాంటివి విమానాల కింద కట్టి వదిలేవాళ్లు."

"దేని మీదికి?"

ఎంత దూరం పోతుంది, ఎంతసేపు మండుతుంది అంటే గడగడా చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. "మనుషుల మీదికేనమ్మా" అన్నాను చివరికి.

ఆమె గొట్టాన్ని వేలితో తడిమి చూసింది. "దొరక్క దొరక్క దానికో మంచి పని దొరికింది. నువ్వొచ్చి మాన్పిస్తన్నావా?"

అందరూ ఘొల్లున నవ్వారు. ముందు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎన్నాళ్ల కోరికో ఒళ్లో నిండుగా ఉంది, వదలబుద్ధి కాలేదు. కానీ ముసలామె అన్నదీ నిజమే. ముక్కూ తోకా ఊడదీశాను. పాత గొట్టాన్ని నా చేతులతోనే మళ్లీ మిషనుకి బిగించాను.

"మీకేమన్నా పిచ్చా అండీ?" అంది మిల్లావిడ.

"ఉందండీ" అన్నాను. ఎందుకో మనసు తేలికపడింది.

ఇప్పుడు మా అలమారలో ముక్కుకీ తోకకీ మధ్య నేను కోసిన గొట్టమే ఉంది. చూడ్డానికొచ్చినవాళ్లు అన్నీ అసలువేనా అని అడుగుతారు. మధ్యది కాదంటాను. అసలుది సత్తెనపల్లిలో ఉద్యోగం చేస్తోందని గర్వంగా చెబుతాను.