వెనక వసారాలో మూడు దినాలు

తల్లి కడుపులో ఉన్న ప్రహ్లాదుని చెవిన తన నామం పడేలా చేసిన శ్రీమన్నారాయణునికి శతకోటి వందనాలు. ఆయన దయవల్లే ఇన్నేళ్లు బతికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇవాళ ఉప్పులో ఊరిన దబ్బకాయ జాడీ మూత తీశాను. ఆ పుల్లటి చేదు వాసనకు పుదుచ్చేరిలో మా తాత ఇల్లు కళ్లముందు నిలిచింది. ఫ్రెంచి దొరల కాలం. కాలవకు ఆవల దొరల ఇళ్లు, ఈవల మా వీధి, పెరట్లో నీలిమందు తొట్లు, గుడ్డలకు రంగు అద్ది అద్ది మోచేతులదాకా నీలంగా మారిన తాత చేతులు, శనివారం భజనగోష్ఠిలో ఆ చేతులతోనే ఆయన వేసే తాళం, ముగిశాక ఆకుదొన్నెల్లో పంచే మిరియాల పొంగలి, వేసవి మధ్యాహ్నాల్లో పులిసిన తొట్ల కంపు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మకు, అప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నెల తప్పగానే అవ్వ వీధంతా చెప్పుకొని మురిసింది. పోయాక ఆ వీధంతా వచ్చి ఓదార్చింది. అందుకే ఈసారి మూడో నెల నిండేదాకా నోరు విప్పకూడదనుకుంది చిన్నమ్మ. బావి వెనక ఆమె వాంతి చేసుకోవడం చూసిన నాచేత తులసికోట మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

కానీ నెలనెలా ఆడవాళ్లు మూడు దినాలు వెనక వసారాలో దూరం కూర్చునే ఇల్లు మాది. కూర్చోకపోతే అవ్వకు ఇట్టే తెలిసిపోతుంది. అందువల్ల ముట్టు రాకుండానే చిన్నమ్మ చాపా చెంబూ తీసుకొని అక్కడికి చేరింది, కిందటి నెల కూడా అలాగే చేసింది. ఆ వసారా తొట్ల పక్కనే. కంపుకు కడుపులో తిప్పినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకొని, నేను దూరంనుంచి విసిరిన దబ్బకాయ ముక్క చప్పరిస్తూ, చప్పుడు కాకుండా గోడకు ఒరిగిపోయేది.

రెండోనాడు పొద్దున చిన్నమ్మ పుట్టినూరు బాహూరునుంచి మనిషి వచ్చాడు.

“చిన్నమ్మ వాళ్ల తల్లికి ఉడంబు, ఒళ్లు, ఏమీ సరిలేదవ్వా. కూతురు యాడ, కూతురు యాడ అని ఒకటే పాట.”

“దూరముండే మనిషి బండెట్ల ఎక్కేది?” అంది అవ్వ. “ఎల్లుండి తలకు పోసుకొని వస్తుందని చెప్పు.”

చిన్నమ్మ వసారాలో లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చెప్పకపోతే బండెక్కనివ్వరు. చెబితే, రెండు కడుపులు పోగొట్టుకున్నదాన్ని ఎద్దుబండి కుదుపులకు ఎవరు పంపుతారు? అంతా తెలిసిన నేను ఒట్టుకు కట్టుబడి గుడ్లప్పగించి చూస్తున్నాను. చివరికి ఆమె గడప దాటి నేరుగా వంటింట్లోకి నడిచింది.

“ఏందే ఇది! దేవుడుండే ఇంట్లోకి మైలతోనా!”

“మైల లేదత్తా. రెండు నెలలాయె.”

అవ్వ చేతిలో గరిటె ఆగింది. “అబద్ధానికి కూర్చుంటివా? దేవుని కాడ కూడా నాటకమా?” అని అరిచి, వెంటనే ఆమె భుజం పట్టుకొని పీట మీద కూర్చోబెట్టింది. “ఇంక నువ్వు ఈ వాకిలి దాటేది లేదు.”

చిన్నమ్మ ఏడవలేదు. నన్ను దగ్గరికి లాక్కొని, “తాతతో నువ్వు పో. మా అమ్మ చెవిలో చెప్పు. గట్టిగా చెప్పు, ఆమెకు వినపడదు,” అంది.

ఇన్నాళ్లు దాచిన రహస్యాన్ని బాహూరులో ఇంటినిండా జనం వింటుండగా అరిచి చెప్పాను. ఆ ముసలితల్లి కళ్లు తెరవకుండానే నన్ను కూతురనుకొని నా పొట్టమీద అరచెయ్యి ఆనించింది. “పదిలం తల్లీ,” అంది. నేను కాదనలేదు. చిన్నమ్మ తలకు పోసుకొని బయలుదేరవలసిన ఆ ఎల్లుండి రాకముందే ఆ ముసలితల్లి కన్నుమూసింది.

ఆ కడుపు నిలిచింది. పుట్టిన పిల్లకు అమ్మమ్మ పేరే పెట్టారు. అయినా చిన్నమ్మ ముసలిదయ్యాక కూడా, “అమ్మ చెయ్యి యాడ పెట్టిందే?” అని అడిగేది. నేను చూపిస్తే, నా పొట్టమీద అక్కడే తన చెయ్యి పెట్టేది.

ఇప్పుడు తొట్లు లేవు, వసారా లేదు, అడిగే చిన్నమ్మా లేదు. చదువుతున్నవారు ఒక్క క్షణం ఆగి, తొలి నెలల్లో ఎవరికీ చెప్పుకోలేక ఉన్న తల్లుల కోసం నాతోపాటు నారాయణా అనండి. గట్టిగా అనండి.