రాతి బల్లకు నీటిదారి

మా పిన్ని రాళ్లు చెక్కుతుంది. ఈ మాట వినగానే "ఆడమనిషా?" అని నోరు తెరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మా తాతయ్య ప్రార్థనా మందిరాలకు దీపపు దిమ్మెలు చెక్కేవాడు. ఆయన ఉలి పిన్ని చేతికి వచ్చింది. ఇప్పుడు దిమ్మెలు అడిగే నాథుడు లేడు కాబట్టి, అదే ఆకారంలో పీటలూ బల్లలూ చేస్తుంది.

దిమ్మె పైన అంచు చుట్టూ చిటికెన వేలు పట్టేంత గాడి, ఒక మూల నీళ్లు దిగే చిన్న ముక్కు ఉండాలి. కడిగిన నీళ్లు అందులోంచి జారిపోవాలి. "నీళ్లు నిలిచాయంటే సగం పనే చేసినట్టే" అనేవాడట తాతయ్య. అందుకే భోజనాల బల్లకైనా సరే, గాడి తీయందే పిన్ని వదలదు. మొండిఘటం.

షోరూం పెట్టిన పెద్దమనిషి ఒకడు అలాంటి బల్లలు రెండు కావాలన్నాడు. మొదటిదానికే ఎనిమిది నెలలు పట్టింది. భుజం నొప్పితో పిన్ని చెయ్యి పైకి లేచేది కాదు. జడ నేనే వేసేదాన్ని. పంపిన వారానికి చూసొద్దామని ఇద్దరం వెళ్లాం. బల్ల పక్కన పలక, దాని మీద చెక్కినవాడిగా అతని పేరు! గాడి మాయం. జిగురులో రాతిపొడి కలిపి పూడ్చేశాడు.

"చూసేవాళ్లు పగులు అనుకుంటారమ్మా. నున్నగా ఉంటేనే అందం" అన్నాడు, పసిపిల్లకు చెప్పినట్టు.

నా నెత్తురు మరిగిపోయింది. పిన్ని మాత్రం, బల్ల ముందు కూర్చుని చూస్తున్న ఒకావిడ చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు అందుకుని, బల్ల మీద ఒంపింది. నీళ్లు తిన్నగా ఆవిడ ఒళ్లో పడ్డాయి.

అతను గుడ్డ కోసం పరుగెత్తేలోపు పిన్ని సంచిలోంచి ఉలి, సుత్తి తీసింది. పూడిక ముక్కలు ముక్కలుగా లేచిపోయింది. చూసినవాళ్లకు పిచ్చి పట్టిందనిపించి ఉంటుంది, అనిపించనీ. మళ్లీ గ్లాసు నింపి ఒంపింది. నీళ్లు గాడి వెంట తిరిగి, ముక్కులోంచి సన్నగా నేల మీదకు జారాయి.

"భలే ఉందే!" అంది ఆవిడ, తడిసిన సంగతి మరిచిపోయి.

"ఆ ఆలోచన నాదేనండి" అన్నాడు అతను. సిగ్గూ శరం ఉంటేగా!

పిన్ని ఉలి, సుత్తి అతని చేతుల్లో పెట్టింది.

"అయితే రెండోది నువ్వే చెక్కు నాయనా."

ఉలిని తలకిందులుగా పట్టుకున్నాడు. పిన్ని దాన్ని లాక్కుని తుడిచి, సంచిలో వేసుకుంది. రెండో బల్ల కోసం అతను ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తేది నేనే.