మా అక్కకు నేను ఎగ్గొట్టిన పాఠం

నరసరావుపేటలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. మైటోకాండ్రియా అంటే కణానికి పవర్ హౌస్. రెండు మార్కులు. అంతకు మించి అడిగిన పిల్లల్ని “ఎక్కువ తెలివితేటలొద్దు” అని కసిరేవాణ్ణి. పాడైన కణానికి చావు కబురు పంపేదీ ఆ పవర్ హౌసేనని, ఆ కబురు నొక్కిపెట్టి మొండికేసిన కణాలే క్యాన్సరై పెరుగుతాయని నాకు తెలుసు. పరీక్షలో రాదు కాబట్టి వదిలేసేవాణ్ణి.

కారంపూడిలో మిరప తోట చేసుకునే మా అక్కకు రొమ్ములో గడ్డ తేలింది. మా ఇళ్లలో ఆనవాయితీ ప్రకారం జబ్బు పేరు చుట్టాలందరికీ చెప్పి, ఆమెకొక్కదానికే దాచాం. ఆమెకేదో ఒకటి చెప్పే పని చదువుకున్నవాణ్ణని నాకప్పగించారు.

“అక్కా, నీ ఒంట్లో మైటోకాండ్రియా సరిగ్గా పనిచేయట్లేదు. ఒంటికి పవర్ ఇచ్చేది అదే” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి కీమో రోజు అక్క పేటలోని ఆసుపత్రికి రాలేదు. కంగారుగా బస్సెక్కి కారంపూడి వెళ్తే, ఆర్‌ఎంపీ దగ్గర బల్ల మీద పడుకుని గ్లూకోజ్ ఎక్కించుకుంటోంది. అది మూడో సీసా అట.

“పవరు తగ్గిందన్నావుగా? ఆ పెద్దాసుపత్రి మందుకి జుట్టు ఊడిద్దంట. నాకెందుకురా అది? ఇది చానా బాగుంది.”

నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. నా అబద్ధమే మా అక్కను చంపేలా ఉంది. ఆ బల్ల పక్కనే నిలబడి, ఇరవై ఏళ్లుగా ఎగ్గొట్టిన పాఠమంతా చెప్పాను, జబ్బు పేరుతో సహా. ఆర్‌ఎంపీ తనకంతా ముందే తెలిసినట్టు తలూపుతూ విన్నాడు.

అక్క పైనున్న సీసా వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“అంటే, చావాల్సిన కణం చావనని కూచుంది. ఆ మందేమో దాన్ని చచ్చేట్టు చేసిద్ది. అంతేనా?”

“అంతే అక్కా.”

కొంగుతో ముఖం తుడుచుకుని లేచి కూర్చుంది. సూది తీసెయ్యమని ఆర్‌ఎంపీకి చెయ్యి చాపింది.

“అయితే చావాల్సింది అది. నేను గాదుగా! ఆ ముక్క ముందే చెప్పడానికి నీకేం పోయేకాలంరా? పద, పేట బస్సు ఉంటది.”