తాత చదవని పేరు

నా చిన్నప్పుడు ఒక శుక్రవారం నాడు, బోధన్‌లోని మా మసీదులో, నేను నోరు మూసుకుని కూర్చున్నందువల్ల రాజు పేరు ఆగిపోయింది. నమ్మరు కదా? మా మనవలూ నమ్మరు. అయినా ఈ మాట డెబ్బై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నాను. పెళ్లిళ్లలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను. పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి చూస్తున్నప్పుడు కూడా చెప్పబోయాను.

నవాబు ఏలుబడి రోజులవి. మా తాత అరబ్బీ, ఫార్సీ చదివిన మౌల్వీ. ఆ మసీదులో శుక్రవారం నమాజుకు ముందు పీఠమెక్కి ఖుత్బా, అంటే ధర్మోపన్యాసం, చెప్పేది ఆయనే. జీతం సర్కారుది. మేమున్న ఇల్లూ సర్కారుదే. ఖుత్బా చివర రాజు క్షేమం కోరి పేరు పెట్టి ప్రార్థించాలి. ఉత్త పేరు చాలదు, ముందూ వెనకా బిరుదులు. చెరుకు బండ్ల వరుసలాగా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. వయసు మీద పడ్డ తాతకు మధ్యలో ఏదో ఒక బండి తప్పిపోయేది. అందుకని ఆ బిరుదులన్నీ నాకు కంఠతా పట్టించి, మొదటి వరుసలో కూర్చోబెట్టి, తాను ఆగినప్పుడు మెల్లగా అందించమనేవాడు.

ఖుత్బా నడుస్తుండగా వినేవాళ్లెవరూ మాట్లాడకూడదు. పక్కవాడు మాట్లాడితే ‘ఊరుకో’ అనడానికి కూడా లేదు, అదీ మాటే అవుతుంది. ఊరంతటిలో ఆ నియమం నుంచి మినహాయింపు నాకొక్కడికే. అప్పట్లో నేను నేల మీద నడిచేవాణ్ణి కాను.

ఆ ఏడు లెవీ ధాన్యం గొడవలు, రైతు పండించిన దాంట్లో సర్కారు బలవంతంగా కొలిపించుకునేది. మా పక్కింటి అక్క వాళ్ల బాపు ఎడపల్లిలో కౌలుకు సేద్యం చేసేవాడు. పిల్లలకు నాలుగు గింజలు వదిలి మిగతావి తీసుకుపొమ్మని కచేరీ ముందు నిలబడి అడిగినందుకు ఆయనను జైల్లో వేశారు. విచారణ లేదు, ఎప్పుడు వదులుతారో చెప్పే దిక్కూ లేదు. ఆ వెంటనే మసీదుకు సర్కారు కబురు వచ్చింది. రాజును ఎదిరించడం పాపమని ఈ శుక్రవారం ఖుత్బాలో చెప్పాలట, రాజు పేరు మరింత గట్టిగా చదవాలట. తాత ఆ కబురు తెచ్చిన బంట్రోతుకు మంచినీళ్లిచ్చి పంపాడు.

శుక్రవారం నాడు బోధనంతా మసీదులోనే ఉంది. సరే, సగం బోధన్. వెనక వరుసలో పోలీసు అమీన్‌సాబ్ కూర్చున్నాడు. తాత పీఠమెక్కి, ఆకలిగొన్నవాడి నోటి దగ్గర ముద్ద లాక్కోవడం గురించి చెప్పాడు. పాపం గురించీ చెప్పాడు, అయితే అది అడిగినవాడి పాపం కాదు. చివరికి పేరు రావలసిన చోటుకు వచ్చి ఆగాడు.

పెళ్లిళ్లలో చెప్పేటప్పుడు ఇక్కడే నేను తాత కళ్లలోకి చూస్తాను, ఆయన మనసు గ్రహిస్తాను, పెదవులు బిగిస్తాను. ఒకసారి చప్పట్లు కూడా పడ్డాయి.

ఇక దాచి చేసేదేముంది? నేను నోరు మూసుకోలేదు. తాతకు బండి తప్పిందనుకుని మొదటి బిరుదు అందించాను. ఆయన పలకలేదు. వినబడలేదేమోనని గట్టిగా అందించాను. తరువాత గొంతు చించుకున్నాను. నవాబు బిరుదులు మసీదు గోడలకు తగిలి నా చెవులకే తిరిగొచ్చాయి. చుట్టూ పెద్దలు కళ్లెర్రజేశారు, దగ్గారు, ఒకాయన నా చొక్కా పట్టి గుంజాడు. ‘ఊరుకోరా’ అనే వీలు మాత్రం ఒక్కరికీ లేదు.

తాత నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు. మమ్మల్ని ఏలేవాళ్లకు నీ భయం కలిగించు, బందీల తలుపులు తెరువు అని దేవుణ్ణి వేడుకుని దిగిపోయాడు.

నమాజు అయ్యాక అమీన్‌సాబ్ తాతను గుమ్మం దగ్గర ఆపాడు. ఆయన మా తాత దగ్గర చదువుకున్నవాడే. వాళ్లు మాట్లాడుకున్నది ఉర్దూలో, నేను మన బోధన్ తెలుగులో రాస్తున్నాను.

“మౌల్వీసాబ్, ముసలితనం. మరిచిపోయిండ్రు, గంతే కదా? మరిచిన అనుండ్రి, నేను పైకి గట్లనే చెప్త. మీ ఇల్లు నిలుస్తది.”

తాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎట్ల మరుస్త బేటా? మా మనుమడు ఒర్రి ఒర్రి అందిచ్చిండు, మసీదంత విన్నది. మరువలేదు. గుర్తుండే చదవలేదు. ఖుత్బాల దేవుని పేరు లేకుంటె తప్పు గని, నవాబు పేరు లేకుంటె నమాజు చెడదు. కితాబులల్ల గదే ఉన్నది.”

కొలువు పోయింది, ఇల్లు పోయింది. వర్నిలో మేనత్త ఇంటి వసారాలో చేరాం. తాత అక్కడి పిల్లలకు అక్షరాలు చెబుతూ గడిపాడు, వదిలి వచ్చిన ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు. రాజ్యం మారాక అక్క వాళ్ల బాపు జైలు నుంచి నేరుగా వర్ని వచ్చి తాత చేతులు కళ్లకద్దుకున్నాడు. ఇది నేను చూశాను. ఇందులో గింజంత కూడా పెంచలేదు.

నేను అబద్ధాలు చాలానే ఆడాను, చదివారు కదా. కానీ ‘మరిచిపోయాను’ అనే అబద్ధం మాత్రం ఈనాటికీ నాకు రాదు. ఆ మాట నోటిదాకా వస్తే చాలు, భుజం మీద తాత చెయ్యి బరువు తెలుస్తుంది. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఆ రోజు నేను అరవకపోతే తాతకు తప్పించుకునే దారి ఉండేది. ఆ దారి మూసి, ఆయనను అంతటివాణ్ణి చేసింది నా గొంతే.

మొన్న నిజామాబాదు పోయి ఇదంతా పక్కింటి అక్కకు చదివి వినిపించాను. ఆమెకు తొంభై దాటాయి. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లు ఊరికే ఉండవు, చిక్కుడుకాయలు తుంచుతూ చివరిదాకా విన్నది.

“నీ మొఖం! నువ్వు ఒర్రకున్నా గంతే అయ్యేది. నువ్వు గోలీలాడ పోయినప్పుడు, గురువారమే మీ బోళ్లు, బొంతలు మూటలు గట్టి గోడ మీదికెళ్లి మా అవ్వకు అందిచ్చిండు మీ తాత. మీ ఇంట్ల, మా ఇంట్ల అందరికి ఎరికే. నీ కడుపుల మాట ఆగదని నీకొక్కనికే చెప్పలే.”